చుక్క లేని చీర

ఆ ఏడు ఆషాఢం సేలుకు మా షాపులో స్టాకు పెట్టడానికి చోటు చాలక, కస్టమర్లు కూర్చునే పరుపుల మీద కూడా చీరల కట్టలు పేర్చారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆషాఢమంటే అంతే. కొత్త పెళ్ళికూతుళ్ళు పుట్టింట్లో ఉంటారు, మిగతా ఆడవాళ్ళంతా చీరల షాపుల్లో ఉంటారు. నేను అటూ లేను, ఇటూ లేను. పొద్దున పరుపు మీద మోకాళ్ళేస్తే షట్టర్ దించేదాకా విప్పడం, మడవడం. "ఈ రంగు మీకు మస్తుంటది మేడం" అని పొట్టివాళ్ళకూ పొడుగువాళ్ళకూ ఒకే మాట చెప్పేదాన్ని. రోజంతా నోరు ఆడుతూనే ఉండేది. ఇంటికి బయల్దేరాక చూసుకుంటే అందులో నా మాటంటూ ఒక్కటీ ఉండేది కాదు.

ఇల్లు షాపుకు రెండు గల్లీల వెనక. రెండో అంతస్తులో రెండు గదులు, కిరాయికి. ముందు గదిలో మా ఆయన హరిప్రసాద్ కంప్యూటరు ముందు ఉండేవాడు. నేను చెప్పులు విడిచే చప్పుడుకు, తల తిప్పకుండా, "ఒచ్చినవా" అనేవాడు. "ఒచ్చిన" అనేదాన్ని. ఒక్కోరోజు మా సంసారమంతా ఆ రెండు మాటలే.

ఆయన ఉద్యోగం మానేసి ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. చీరల సాఫ్ట్‌వేర్ అంటే అందరూ నవ్వేవాళ్ళు, అందుకని విప్పి చెప్పాలి. మాది పోచంపల్లి పక్కన ఊరు, మగ్గాల ఇల్లు. మా చీరల్లో బొమ్మ నేతలో పుట్టదు, అంతకు ముందే నూలులో పుడుతుంది. గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపుతూ బొమ్మ గీస్తారు. రంగు పట్టకూడని చోట పోగులకు రబ్బరు పట్టీతో ముడేసి, అప్పుడు రంగులో ముంచుతారు. ముడి వేసిన చోట తెల్లగా మిగులుతుంది. ఆ పనినే చిటికి కట్టడం అంటారు. కొత్త బొమ్మకు గ్రాఫు గీయాలంటే నెల పట్టేది. హరి ప్రోగ్రాముకు ఒక ఫోటో ఇస్తే పూటలో గ్రాఫు ప్రింటు తీసిచ్చేది, ఏ వరుసలో ఏ పోగుకు ముడెయ్యాలో అంకెలతో సహా.

దానికి 'చిటికి' అని పేరు పెట్టింది మా తమ్ముడు క్రాంతికుమార్. ఆ పని హరికి నేర్పిందీ వాడే. ఊళ్ళో రెండు మగ్గాలు నడుపుకుంటూ, వీలైనప్పుడల్లా బండి మీద వచ్చి, మా ముందు గదిలో నేల మీద నూలు పరిచేవాడు. "కంప్యూటర్ తర్వాత బావా, ముందుగాల వేళ్ళు నడువాలె" అని మా ఆయన వేళ్ళు పట్టుకుని ముళ్ళు వేయించేవాడు. ఇద్దరూ కొట్లాడుకుంటూ నవ్వుకుంటూ ఉంటే నేను చాయ్ మీద చాయ్ పెట్టేదాన్ని. అమ్మానాన్నలు పోయాక నాకు పుట్టిల్లంటే ఆ తమ్ముడొక్కడే. వాడు వచ్చిన రోజున మా ఇంట్లో మనుషులు ఉన్నట్టుండేది.

వేసవిలో 'చిటికి' అమ్మకానికి సిద్ధమైంది. ధర ముప్పై వేలు. కొన్నవాళ్ళకు పెన్‌డ్రైవ్ లాంటి ఒక తాళం ఇస్తారు, అది కంప్యూటరుకు గుచ్చితేనే ప్రోగ్రాము నడుస్తుంది. మొదటి తాళాన్ని హరి మా తమ్ముడి చేతిలో పెట్టాడు, పైసా తీసుకోకుండా. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ముప్పై వేలా బావా? పది మందితోని నేయించే మాస్టర్లకైతే ఏం గాదు. ఒక్క మగ్గమోడు, రెండు మగ్గాలోడు ఏడకెళ్ళి తెస్తడు?"

"నేను ఇన్నేండ్లు నౌకరి లేకుంట కూసున్న గదరా. నాకు ఏడకెళ్ళి ఒచ్చింది?"

"అక్క జీతంకెళ్ళి ఒచ్చింది."

హరి ముఖం మాడిపోయింది. నేను వంటింటి గుమ్మంలో చాయ్ గ్లాసులతో నిలబడిపోయాను.

"నీకు ఊకెనే ఇస్తున్న గద. ఇంకేంది నీ బాధ?" అన్నాడు హరి.

"నాకొక్కనికి ఇస్తే మా గల్లీలోళ్ళ ముఖం ఎట్ల చూడాలె? చిటికి కట్టుడు నీకు నేర్పిచ్చినప్పుడు నేను తాళం ఏసిన్నా బావా?"

హరి కంప్యూటరు వైపు తిరిగాడు. ధర తగ్గించే మనిషి కాదు. క్రాంతి ఆ తాళాన్ని కీబోర్డు పక్కన పెట్టి, చాయ్ కూడా తాగకుండా మెట్లు దిగిపోయాడు. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. నాకు కోపం వచ్చింది కూడా అందుకే. ఒకడిది తప్పయితే రెండోవాడి పక్కన నిలబడేదాన్ని.

"నీ కంప్యూటర్ల కింద మూలకు గా పాలిపోయిన అక్షరాలు ఎప్పటికీ ఉంటయేంది?" అని అడిగాను ఆ సాయంత్రం. ఆయన వాడేది దొంగ విండోస్ కాబట్టి, అసలుది కొనుక్కోమని అది రోజూ అడుక్కుంటూ ఉంటుందని నాకు తెలుసు.

"అది పెద్ద కంపెనీ. వాళ్ళకేం తక్కువ?" అన్నాడు హరి.

"మరి క్రాంతిగాని దృష్టిల నువ్వు పెద్ద కంపెనీవేమో."

ఆయన నవ్వలేదు. తాళం మాత్రం తీయలేదు, కీబోర్డు పక్కనే ఉంచాడు. క్రాంతి వచ్చి తీసుకుంటాడని చూస్తున్నాడేమో అనుకున్నాను.

వాడు రాలేదు. ఆషాఢం వచ్చేసరికి కొత్తగా 'చిటికి' కొనేవాళ్ళు కూడా ఆగిపోయారు. ఎవరో తాళం లేకుండా నడిచేలా దాన్ని విరగ్గొట్టారు, ఊరూరా పంచుకుంటున్నారు. చిత్రంగా హరి దిగులుపడలేదు. బోనాల ఆదివారం మా షాపు మధ్యాహ్నమే మూసేశారు. నేను ఇంటికొచ్చేసరికి గల్లీలో డప్పులు, పోతరాజు, పిల్లల కేకలు. కిటికీ మూసి, నన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టాడు మా ఆయన. ఆ కుర్చీ క్రాంతిది. నేను అందులో కూర్చోవడం అదే మొదటిసారి.

"తాళం విరగ్గొడితే ప్రోగ్రాం బంద్ కావాలె గద. నేను బంద్ చెయ్యలె," అన్నాడు. "బంద్ అయితే ఇంకో తొవ్వ దేవులాడుకుంటరు. మంచిగ నడుస్తది. కానీ కొంగు మీద మూడో వరుసల, కుడి చివరి డైమండ్ నడుమ, ఒక ముడి ఎక్కువ ఏపిస్తది."

"ఏస్తే ఏమైతది?"

"బియ్యపు గింజంత తెల్ల చుక్క పడ్తది. డిజైన్ల ఎవ్వరు గుర్తుపట్టరు. కానీ గా చుక్క ఉన్న చీర ఏడ దొరికినా దొంగ కాపీకెళ్ళి ఒచ్చిందే. రేపు కేసు పెడితే ఇది నా పని అని ఎట్ల చూపిస్త? గీ చుక్క చూపిస్త. లోకంల ఇంకెవ్వడు గాడ ముడెయ్యడు."

"ఎవరికి చెప్పినవ్?"

"నీకే. ఇద్దరికే తెలుసు."

పెళ్ళయినప్పటి నుంచి ఆయన నాకు చేయించిన నగ అంటే అదొక్కటే. నిజంగా అలాగే మురిసిపోయాను. మర్నాడు షాపులో చీరలు మడుస్తుంటే నాలో నేనే నవ్వుకున్నాను. పక్క పరుపు మీద ఉండే జోస్నా "ఏందక్కా, లాటరీ తగిలిందా" అని అడిగింది కూడా. జోస్నాది కర్మన్‌ఘాట్. నోరూ చేయీ సమానంగా ఆడే పిల్ల. షాపు వీడియోలు తీసి ఫోన్లో పెట్టే పని కూడా దానిదే.

శ్రావణం స్టాకు దిగాక పది రోజులు కాలేదు, చుక్క నా చేతికే వచ్చింది.

నెమలికంఠం రంగు చీర, పసుపు గీతల డైమండ్లు. ఒక మేడం కోసం కొంగు పరుస్తున్నాను. అలవాటుగా నా వేలు మూడో వరుసకు పోయింది. కుడి చివర, నడుమ, తెల్ల చుక్క. దొంగ దొరికాడు, ఇవాళ ఇంటికెళ్ళి ఆయన కుర్చీని నా వైపు తిప్పుకోవచ్చు అనుకున్నాను. ఎవరి మగ్గమో తెలుస్తుందేమోనని చీర చివర చూశాను.

మగ్గం మీంచి చీర కోసేటప్పుడు చివర కొన్ని పోగులు వదిలేస్తారు. అందరూ వాటిని ముడేస్తారు. మా తమ్ముడు మాత్రం సన్నటి జడలు అల్లుతాడు. చిన్నప్పుడు అమ్మ మగ్గం దిగేది కాదు, బడికి పోయే ముందు నా జడ వాడే అల్లేవాడు. ఆ అలవాటు వాడి చేతిని వదల్లేదు. ఆ చీర చివర వరసగా జడలున్నాయి.

"ఇదేమిటండీ, ఇక్కడ డ్యామేజ్ ఉంది," అంది మేడం, చుక్క మీద గోరు పెట్టి.

కౌంటర్లో ఉన్న మా ఓనరు రామమోహనరావుగారు అద్దాలు సవరించుకుని లేచి వచ్చారు. ఆయనది గుంటూరు వైపు. మనిషి మెత్తన, డ్యామేజ్ దగ్గర కాదు. "ఏంటమ్మా సుచిత్రా? డ్యామేజ్ అయితే పక్కన పెట్టేయ్, మొత్తం కట్ట తిప్పి పంపించేద్దాం," అన్నారు. కట్ట తిరిగి పోతే, మాల్ పంపిన మాస్టర్ దాన్ని నేసినవాడి మొహాన కొడతాడు. ఆ కట్టలో ఎన్ని జడల చీరలున్నాయో నేను చూడలేదు. చూసే టైము లేదు. నా నోరు నాకంటే ముందు లేచింది.

"డ్యామేజ్ కాదు సార్, దిష్టిచుక్క. చంటిపిల్లకు పెట్టినట్టు చీరకు కూడా పెడ్తరు మా దిక్కు. చెయ్యి మగ్గం మీదనే ఒస్తది మేడం, మిషన్ ప్రింట్లో రాదు."

"దిష్టిచుక్క నల్లగా ఉండాలి కదా?"

"మనిషికి నల్లది. గింత ముదురు రంగు చీర మీద నల్లది పెడితే ఎవరికి కనిపిస్తది?"

మేడం నవ్వింది. చీర తీసుకుంది. పక్కనున్న ఆవిడ "మాకూ ఆ చుక్కది చూపించండి" అంది.

బ్లౌజు ముక్కలు పెట్టుకునే వెనక గదిలోకి పోయి, ఆ కట్టలో మిగిలిన చీరలన్నీ విప్పి జడలు ఒక్కొక్కటే ఊడదీశాను. వాడు ఎంత గట్టిగా అల్లాడో, గోళ్ళు నొప్పి పుట్టాయి. చిన్నప్పుడు కూడా అంతే, నా నెత్తి పట్టేసేలా అల్లేవాడు. అన్నింటికీ మామూలు ముడులు వేసి తెచ్చి పరుపు మీద పెట్టాను. ఆ సాయంత్రం హరి "ఒచ్చినవా" అంటే "ఒచ్చిన" అన్నాను. చుక్క సంగతి చెప్పలేదు.

చెబితే తమ్ముడు పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతాడు. సైదాబాద్‌లో వకీలుతో హరి ముందే మాట్లాడి పెట్టుకున్నాడు, శ్రావణం అమ్మకాలు అయ్యాక చుక్క చీరలు పట్టుకుని పోవడమే మిగిలింది. చెప్పకపోతే హరి ఇన్నేళ్ళ కష్టం గాలికి పోతుంది. నాకు అక్కచెల్లెళ్ళు లేరు అడగడానికి. జోస్నాకు చెప్పుకుందామంటే అది మర్నాటికి వీడియో చేస్తుంది. అంత పెద్ద షాపులో, అన్ని వందల మంది ఆడవాళ్ళ మధ్య, నాకు ఒక్క మనిషి లేకపోయిందని ఏడుపొచ్చింది.

ఏడవడం నా ఒంటికి పడదు. ఆలోచించాను. లోకంలో ఇంకెవ్వరూ వేయని ముడి కాబట్టే అది రుజువు. అందరూ వేస్తే? అప్పటినుంచి వచ్చిన ప్రతి కస్టమరుకూ దిష్టిచుక్క కథ చెప్పాను. చుక్క ఉన్న చీరలకు చూపించి చెప్పాను, లేని చీరలకు "దీనికి లేదు మేడం, ఉన్నది ఒచ్చే వారం ఒస్తది" అని చెప్పాను. నా అబద్ధం నాకే నిజమనిపించేంత బాగా చెప్పాను. జోస్నా ఎప్పుడు తీసిందో తీసింది, వీడియో. మొదటి శ్రావణ శుక్రవారం లోపలే ఆడవాళ్ళు షాపులోకి వస్తూనే "చుక్క చీరలు ఏవీ?" అనడం మొదలుపెట్టారు.

"అమ్మాయ్, ఆ చుక్కల స్టాకు ఇంకో రెండు కట్టలు తెప్పించమంటావా? నిన్న చుక్క లేదని నాలుగు చీరలు వెనక్కిచ్చేశారు," అన్నారు రామమోహనరావుగారు. ఆయన ముఖంలో వెలుగు చూసి, నాకు జీతం పెంచుతారేమోనన్న ఆశ కూడా కలిగింది. పెంచలేదు.

అలా నడుస్తుండగా ఒక పొద్దున, నేను షాపుకు తయారవుతుంటే హరికి ఫోన్ వచ్చింది. మట్టయ్య అని, మా ఊరి పక్క మాస్టర్, 'చిటికి'ని మొట్టమొదట డబ్బు పెట్టి కొన్న పెద్దమనిషి. హరి చాయ్ తాగుతూ స్పీకరులో పెట్టాడు.

"ఏంది హరీ, గిదేం న్యాయం? పైసలు పెట్టి కొన్న నాకు చుక్క ఒస్తలేదు. ఊకె తీసుకున్నోళ్ళకు ఒస్తున్నది!"

"ఏం చుక్క?"

"దిష్టిచుక్క! చుక్క లేదని సిటీ షాపులోళ్ళు నా మాల్ ఒద్దంటున్నరు. మా పిల్లగాండ్లతోని చేతితో ముడేయిస్తున్న. గల్లీల అందరు గదే పని. నాక్కూడ గా దొంగదే ఇయ్యరాదు, నీకు దండం పెడ్త."

హరి నవ్వాడో, అడిగాడో తెలియని గొంతుతో "దిష్టిచుక్క అని ఎవరు చెప్పిన్రు?" అన్నాడు.

"వాట్సాప్‌ల వీడియో తిరుగుతున్నది గద. పంపిస్త, సూడు."

నేను అద్దం ముందు పిన్ను పెట్టుకుంటున్నాను. వెనక నుంచి నా గొంతే వినిపించింది. 'చంటిపిల్లకు పెట్టినట్టు చీరకు కూడా పెడ్తరు మా దిక్కు.' వీడియోలో నా ముఖం లేదు. కొంగు మీద తిరుగుతున్న నా చేతులు, మా పెళ్ళినాటి గాజులు ఉన్నాయి. హరి దాన్ని ఇంకోసారి చూసి ఫోను బోర్లా పెట్టాడు.

"క్రాంతేనా?"

నేను తల ఊపాను. అద్దంలో ఊపాను, ఆయన వైపు తిరగలేదు.

"చాయ్ చల్లారిపోయింది. జర వేడి చెయ్యి," అన్నాడు.

వేడి చేసి ఇచ్చాను. పిన్ను ఎక్కడో పడిపోయింది, అలాగే షాపుకు పోయాను. ఆ రోజు ఎన్ని చీరలు అమ్మానో, ఎవరికి ఏం చెప్పానో గుర్తులేదు.

మర్నాడు పొద్దున ఆయన వకీలుకు ఫోన్ చేసి "కేసు ఒద్దు సార్" అన్నాడు. ఇంకేవో మాట్లాడి పెట్టేశాడు. తర్వాత నా దగ్గరికొచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. అలా పని మీద కాకుండా వంటింటి దాకా రావడం ఆయనకు అలవాటు లేదు.

"కోపం ఒచ్చింది. రాత్రంత ఆలోచించిన. నాకు చెల్లె ఉంటే నేను కూడ గట్లనే చేస్తుంటినేమో," అన్నాడు. "ఒక్కటి చెప్పు. గా చుక్క ఎందుకు పడ్తదో వానికి చెప్పినవా?"

"లేదు."

"నిజంగ?"

"నీ మీద ఒట్టు. వాడు కూడ దిష్టిచుక్కే అనుకుంటున్నడు."

"అయితే సరే. పైసలు పోతే పోయినయ్. నిన్ను నమ్మి ఒక్క మాట చెప్పిన, అది నీ దగ్గర్నే ఉంది. నాకు గది చాలు."

అంత మాట ఆయన నోటి నుంచి మళ్ళీ వస్తుందో లేదోనని స్టవ్ తగ్గించి మరీ విన్నాను. ఆ వారం ఇంటికి పోవాలంటే ఇష్టంగా ఉండేది. ఆయన 'చిటికి'లో ఒక మీట కొత్తగా పెట్టాడు, 'దిష్టిచుక్క కావాలా, వద్దా' అని. మట్టయ్య సంబరపడ్డాడు. ఇంకెవరూ కొనలేదు. ఊరికే దొరికేదాన్ని ఎవరు కొంటారు? హరి ఉద్యోగానికి దరఖాస్తులు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. అయినా మా ఇద్దరికీ తప్ప ఇంకెవ్వరికీ తెలియని సంగతి ఒకటి ఆ ఇంట్లో ఉందని, నేనొక్కదాన్నే చీరలు మడుస్తూ నవ్వుకునేదాన్ని.

రాఖీ పండగ నాడు ఓనరు నాకు రెండు గంటలు సెలవిచ్చారు. "తొందరగా వచ్చేయాలమ్మా, సీజను," అని పదిసార్లు చెప్పారు. ఊరికి పోయి రావడానికి అది చాలదు. మా గడప తొక్కనని తమ్ముడి పంతం. అందుకని మధ్యలో, ఎల్‌బీ నగర్‌లో కలుద్దామన్నాడు. మెట్రో దిగి మెట్ల కిందికి వస్తే రోడ్డంతా ఆడవాళ్ళే. అక్కలు, చెల్లెళ్ళు, స్వీటు డబ్బాలు, చంకల్లో పిల్లలు, విజయవాడ రోడ్డు బస్సుల తలుపులకు వేలాడుతూ. అందరూ ఏదో ఒక ఇంటికి పోతున్నారు. నేను కొబ్బరిబోండాల బండి పక్కన నిలబడి ఎదురుచూశాను.

క్రాంతి బండి దిగి హెల్మెట్ తీశాడు. చిక్కిపోయాడు. కళ్ళ కింద నలుపు. ఫుట్‌పాత్ మీదే బొట్టు పెట్టి రాఖీ కట్టి, నోట్లో పాలకోవా పెట్టాను. బోండాల ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఇంటికి పోదాం రారాదురా, మూడే స్టేషన్లు."

"బావ పిలిస్తే ఒస్త." సీటు కింద నుంచి పేపరు చుట్టిన పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. "నీకే. ఈడనే ఇప్పి చూడు."

ఎర్ర చీర. కుంకుమలో ఒక చుక్క నలుపు కలిపిన ఎరుపు, మా నాన్న పోసే రంగు. కొంగు నిండా తెల్ల గీతల డైమండ్లు. నా వేలు దానంతటదే మూడో వరుసకు పోయింది. కుడి చివర, నడుమ. చుక్క లేదు. ఇంకోసారి చూశాను. లేదు.

"కంప్యూటర్ది కాదు," అన్నాడు క్రాంతి, నేల చూస్తూ. "గ్రాఫు నేనే గీసిన. చేతితో. పగలు మగ్గం, పొద్దుగూకినంక గ్రాఫు. వేసంగిల షురూ చేస్తే ఇప్పటికి అయింది."

"ఎందుకురా గంత పరేషాన్?"

"బావ సామాన్ నేను దొంగతనంగ వాడుతున్న అక్కా. తాళం ఇరగ్గొట్టిచ్చింది నేనే, ఊరికి పంచింది నేనే. పంచినందుకు బాధ లేదు. కానీ గా దొంగ గ్రాఫు తోని నేసింది నీ ఒంటి మీద ఎట్ల కప్పాలె? మనసు ఒప్పలె."

నడిరోడ్డు మీద ఆ చీర ముఖానికి పెట్టుకున్నాను. కొత్త నూలు వాసన, గంజి వాసన. చివర పోగులు చిన్నచిన్న జడలుగా అల్లి ఉన్నాయి.

"బావకు చూపియ్యి," అన్నాడు. "ఏం చెప్పకు. ఊకె చూపియ్యి. చెయ్యి పని బావ గుర్తుపడ్తడు, నేర్పిచ్చింది నేనే గద. చూస్తే నా మాట సమజైతది. గప్పుడు నాకు ఫోన్ చేస్తడు."

ఆ సాయంత్రం రామమోహనరావుగారిని బతిమాలి పెందలాడే బయటపడ్డాను. ఇంటికి రాగానే స్నానం చేసి ఆ చీర కట్టుకున్నాను. ఇంకా వెలుతురు పోలేదు. ముందు గదిలోకి వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నిలబడ్డాను. పెళ్ళిచూపుల్లో కూడా అంత సిగ్గు పడలేదు.

హరి తల తిప్పాడు. ముఖం విప్పారింది. "అబ్బా," అన్నాడు. "ఎర్రది. మీ నాయన ఎరుపు. క్రాంతి ఇచ్చిండా?"

"ఊ."

కొంగు అందుకుని రెండు చేతుల మీద పరుచుకున్నాడు. అంచులు చూశాడు, జడలు చూసి నవ్వాడు. తర్వాత ఆయన వేలు కూడా మూడో వరుసకు పోయింది. అక్కడ ఆగింది. కిటికీ వైపు తిప్పి చూశాడు. టేబుల్ లైటు వేసి చూశాడు. నేను, ఇప్పుడు అంటాడు, చెయ్యి పని అంటాడు అని ఎదురుచూస్తున్నాను.

"చుక్క లేదు," అన్నాడు.

"లేదు."

"వాని దగ్గర తాళం లేదు. తాళం ఈడ ఉంది." కీబోర్డు పక్కనే ఉంది అది, దుమ్ము పట్టి. "లోకమంత చుక్క కావాలని ఎగబడుతుంటే, వాడు నీ చీరల మాత్రం తీసేసిండు. ఎందుకు తీసేస్తడు సుచిత్రా? అది ఏందో తెలిసినోడే తీసేస్తడు."

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. చుక్క గుట్టు నేనే విప్పానంటున్నాడని అర్థమయ్యాక ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"నేను చెప్పలె. చేతితో గీసిండు. వేసంగికెళ్ళి గీసిండు. కంప్యూటర్ది కాదు."

"చేతితోనా?" ఆయన గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. కొంగు నా ముందుకు జరిపి ఒక డైమండ్ అంచు చూపించాడు. "చూడు గీ అంచు. గింత సాఫ్‌గ చేతితో రాదు. ఇన్నేండ్లు నేను చూసింది గదే గద. చేతితో రాదు కాబట్టే నేను ప్రోగ్రాం రాసిన."

"వాని చేతికి ఒస్తది! నీకు నేర్పిచ్చినోడు వాడు!"

"నేర్పిచ్చిండు. గందుకే తెలుసు నాకు."

ఇంకేం చెప్పాలి? ఫోన్ చేసి తమ్ముడితో చెప్పిద్దామంటే, చుక్క సంగతి వాడికి విప్పాలి. విప్పితే హరి అన్నది నిజమైపోతుంది. విప్పకుండా వాడేం చెప్పినా దొంగ మాటే అవుతుంది. తమ్ముడిని కాపాడడానికి ఇన్ని రోజులు వందల మందికి అబద్ధం చెబితే ప్రతి ఒక్కరూ నమ్మారు. నిజం చెప్పింది ఒక్కసారే, ఒక్క మనిషికి. ఆయన నమ్మలేదు.

హరి కొంగు మెల్లగా వదిలేశాడు. విసిరికొట్టలేదు. మడత పడకుండా నా భుజం మీద సర్ది, లైటు ఆర్పి, మళ్ళీ స్క్రీను వైపు తిరిగాడు.

శ్రావణం పోకముందే ఆయనకు హైటెక్ సిటీలో ఉద్యోగం దొరికింది. పొద్దున్నే మెట్రోకు పోతాడు. చెరొక తాళంచెవి చేయించుకున్నాం. నేను వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరు. చెప్పులు విడిచినప్పుడు "ఒచ్చినవా" అనే గొంతు కూడా లేదు. కొట్లాట అంటూ మేమేం పెట్టుకోలేదు. కూర బాగుందంటాడు, కరెంటు బిల్లు కట్టానంటాడు. కీబోర్డు పక్కన తాళాన్ని ఎప్పుడు తీసి ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు.

శ్రావణం వెళ్ళిపోయినా బావ నుంచి ఫోన్ రాకపోయేసరికి క్రాంతే నాకు చేశాడు. షాపులో ఉన్నాను. సీజను అయిపోయి పరుపులు ఖాళీగా ఉన్నాయి. జోస్నా ఒక మూల కునుకు తీస్తోంది.

"అక్కా, బావ చూసిండా చీర?"

"చూసిండు."

"ఏమన్నడు?"

నా ఒళ్ళో చుక్క చీర ఒకటి సగం మడత మీద ఉంది. దాన్ని పూర్తిగా మడిచాను.

"చానా సేపు చూసిండురా," అన్నాను.